గొర్రుకొయ్యల కింద మరక

ఏ ఫోటోను చూసినా ఇమ్మానియేలు కళ్లు ముందు అంచుల దగ్గరికి పోతాయి. జుట్టు చివర, చెవి వెనక, చీర కొంగు గాలికి లేచిన చోట. కత్తిరించి అతికించిన బొమ్మ అయితే అక్కడే దొరికిపోతుంది. గుంటూరులో ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి ఆల్బములు తయారుచేయడం అతని పని. దాన్ని అందరూ మిక్సింగ్ అంటారు. కల్యాణమండపంలో ఉక్కపోతకు చెమటలు కక్కిన జంటను మంచు కొండల్లో నిలబెట్టాలి. ఎండకు నల్లబడిన పెళ్లికొడుకును రెండు మెట్లు తెల్లబరచాలి. అలిగి పెళ్లికి రాని మేనమామను ఏదో పాత ఫోటోలోంచి తెచ్చి పందిట్లో నవ్వుతూ కూర్చోబెట్టాలి. ఏళ్ల తరబడి అబద్ధాలను అందంగా అతికిస్తున్న మనిషి ఇక దేన్ని నమ్ముతాడు? పేపర్లో బొమ్మను నమ్మడు. రోడ్డు మీద ఫ్లెక్సీని నమ్మడు. చర్చి క్యాలెండరు మీద పావురాన్ని చూసినా, రెక్క ఎక్కడ తెగిందా అని వెతుకుతాడు.

"దేవుడి బొమ్మల్ని అట్టా చూడమాకండి, పాపం," అనేది అతని భార్య మహిమ. ఆమె ఒక ప్రైమరీ స్కూల్లో టీచరు.

"దేవుణ్ణి కాదే, బొమ్మ చేసినోణ్ణి అనుమానిస్తన్నా," అనేవాడు.

ఇమ్మానియేలుది అద్దంకి దగ్గర పల్లె. తండ్రి మార్కు పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల దగ్గర మంట కాసేవాడు. గడియారం లేని ఆ మనిషి చలికాలంలో ఆకాశాన వరసగా నిలబడ్డ మూడు చుక్కలను చూసి వేళ చెప్పేవాడు. విత్తనం వేసే గొర్రుకు దిగగొట్టిన కొయ్యల్లా ఉంటాయని వాటిని గొర్రుకొయ్యలు అనేవాడు. పంతొమ్మిదో ఏట గుంటూరు వచ్చి స్టూడియో డార్క్‌రూములో పనికి చేరాక ఇమ్మానియేలు తలెత్తి చూడటం మానేశాడు. ఎర్ర బల్బు కింద, మందు నీళ్లలో కాగితం ఊపుతూ పన్నెండేళ్లు గడిచాయి. తెల్ల కాగితం అడుగు నుంచి ఒక మొహం మెల్లగా పైకి తేలివచ్చే ఆ క్షణం అతనికి ప్రాణం. తర్వాత రీళ్లు పోయాయి. డార్క్‌రూములో అట్టపెట్టెలు చేరాయి. వేళ్లకున్న మందు వాసన పోయి, మౌసు ఆనే చోట మణికట్టు కింద కాయ కాసింది.

2007 ఫిబ్రవరిలో శ్యామ్ సుందర్ అనే లెక్చరరు తన పెళ్లి ఆల్బమ్ పని మీద వచ్చి, ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. నల్లని చీకట్లో గులాబీ రంగు మేఘం. నీళ్లలో పడి ఇంకా కరగని కుంకుమ లాంటి రూపం.

"ఇది ఆల్బమ్ కవరు మీద రావాలండీ."

ఇమ్మానియేలు అంచులు చూశాడు. "బాగా చేశాడు. ఎవరిదండీ మిక్సింగ్?"

"మిక్సింగ్ కాదండీ. ఆకాశంలో ఉన్నదే. నెబ్యులా అంటారు. చాలా పెద్ద గ్యాసు మేఘం. అందులో కొత్త చుక్కలు పుడుతుంటాయి."

"ఈ రెక్క చూడండి సార్. బ్రష్షు తిప్పిన పని ఇది. నా కళ్లకు తెలవదా?"

శ్యామ్ సుందర్ నవ్వాడు. "ఈ నెలంతా ఏడున్నరకు మీ ఇంటి మీదే ఉంటుంది. వరసగా మూడు చుక్కలుంటాయే, వాటికి కాస్త కింద. మీ దగ్గరున్న ఈ కెమెరాకే పడుతుంది."

కస్టమరుతో వాదించకూడదని ఇమ్మానియేలు ఊరుకున్నాడు. లోపల మాత్రం దొంగ దొరికిపోయాడన్న సంతోషం. పొద్దున్నే పెళ్లి ఉందని ఓనరు ప్రేమ్‌చంద్‌కు చెప్పి స్టూడియో కెమెరా, దూరాన్ని దగ్గర చేసే రెండొందల లెన్సు, స్టాండు ఇంటికి తెచ్చాడు.

ఇల్లంటే మిర్చి యార్డుకు అవతల, పొలాలు ప్లాట్లయిన చోట వెలసిన కాలనీలో సుబ్బరావమ్మ గారి మేడ మీది వాటా. ఆ కాలనీ మీద చీకటి ఎప్పుడూ పూర్తిగా దిగదు. ఒక పక్క యార్డు లైట్లు, ఒక పక్క కోల్డ్ స్టోరేజీల లైట్లు, రోడ్డు పొడుగునా పసుపుపచ్చ బల్బులు. ఆ వెలుగంతా పైకి లేచి, గాలిలో తేలే మిరప దుమ్మును పట్టుకుని, నారింజ రంగు దుప్పటిలా పరుచుకుంటుంది. ఆ దుప్పటి చిరుగుల్లోంచి పది పన్నెండు చుక్కలు కనిపిస్తే ఎక్కువ. గొర్రుకొయ్యలు మాత్రం కనిపించాయి. తండ్రి చనిపోయాక వాటిని చూడటం అదే మొదలు.

కెమెరాను నిట్టనిలువుగా పైకి తిప్పి, స్టాండు కింద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని, ఒక్క సెకను తీశాడు. వెనక తెరలో నారింజ మసక, దాని మీద చుక్కలు, మూడు చుక్కల కింద చిన్న మరక.

లెన్సు మీద దుమ్మనుకున్నాడు. మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ తీశాడు. మరక అక్కడే ఉంది. దుమ్ము ఆడే నాటకాలు అతనికి తెలుసు. కెమెరాలో మరక అయితే, కెమెరా ఎటు తిప్పినా బొమ్మలో ఉన్నచోటే ఉంటుంది. లెన్సును వేలి వాసి పక్కకు జరిపాడు. చుక్కలు జరిగాయి, వాటితో పాటే మరకా జరిగింది. ఇంకోసారి జరిపాడు. దారం కట్టినట్టు మళ్లీ వెంట వచ్చింది.

గాజు మీద మరక కాదు. ఆకాశం మీదే ఉంది.

అయినా నమ్మలేదు. కోల్డ్ స్టోరేజీ లైటు ఏ పొగకో తగిలి అట్లా పడుతుందేమోనని, స్టూడియోలో ఇంకో పెళ్లి పేరు చెప్పి కెమెరా తెచ్చుకుని మర్నాడు ఎక్కాడు. ఆ మర్నాడూ ఎక్కాడు. ఒక సెకను కన్నా ఎక్కువసేపు తీస్తే, ఆకాశం తిరుగుతుంది గనక చుక్క గీత అయిపోతుంది. ఒక సెకనులో మరక తప్ప రంగు దొరకదు. అప్పుడు అతని చేతికి అలవాటైన విద్యే దారి చూపింది. ఒక ఫోటో మీద ఇంకో ఫోటో పొరగా వేసి, చుక్క మీద చుక్క కూర్చోబెట్టి, పై పొరను సగానికి పలచన చేశాడు. మూడోదాన్ని మూడో వంతుకు, నాలుగోదాన్ని నాలుగో వంతుకు. ఒకరి మెడ మీద ఇంకొకరి తల కూర్చోబెట్టిన చేతికి చుక్క మీద చుక్క ఒక లెక్కా? పొర పడేకొద్దీ ఇసుక వేసినట్టున్న గరుకు సర్దుకుంది. మరక కదలకుండా కూర్చుని, మెల్లగా అంచులు విప్పుకుంది. డార్క్‌రూము మూతబడ్డాక మళ్లీ ఇన్నాళ్లకు, అడుగు నుంచి ఏదో పైకి తేలివస్తోంది.

ఇక అతను దిగిరాలేకపోయాడు.

కానీ ఆ నారింజ వెలుగు మేఘం అంచులను తినేస్తోంది. కాలనీకి కాస్త చీకటి దక్కేది కరెంటు పోయినప్పుడే, అప్పుడూ యార్డు లైట్లు జనరేటర్ల మీద వెలిగేవి. మార్చి సగం దాటాక కోత మొదలైంది, రోజూ సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర. జనమంతా కరెంటోళ్లను తిడుతూ విసనకర్రలు పట్టుకుని మేడల మీదికి చేరే వేళకు, ఇమ్మానియేలు ఒక్కడే సంబరంగా మెట్లెక్కేవాడు. నల్లగుడ్డ కప్పిన కెమెరా, చంకలో చాప. ఇంకా ఆగని ఫ్యాను కింద కూర్చుని గడియారం చూస్తూ కరెంటు పోవడం కోసం ఎదురుచూసే మనిషిని కాలనీ ఎక్కడా చూసి ఉండలేదు.

అతను పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. గొర్రుకొయ్యలు నెలల్లో పడమటికి ఒరుగుతాయి. ఫిబ్రవరిలో నడినెత్తిన ఉన్నవి మార్చి చివరికి సగం వాలాయి. ఏప్రిల్ వచ్చేసరికి పక్కింటి మేడ మీదికి దిగాయి. వాటితో పాటు లెన్సూ రోజుకింత వంగుతూ వచ్చింది. పక్కిల్లు బోరు మోటార్లకు వైండింగు చేసే కోటేష్‌ది. కరెంటు పోతే అతని చెల్లెలు శ్రీరమ్య గాలి కోసం పుస్తకం, ఛార్జింగు లైటు పట్టుకుని మేడ మీదికి వచ్చేది. ఆమె తల మీదుగా, ఆకాశంలో, మరక.

ముందుగా మారింది కిరాణా కొట్టు. ఇమ్మానియేలు వెళ్లగానే మాటలు ఆగేవి. చిల్లర చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టేవాళ్లు. శ్రీరమ్య మేడ మీదికి రావడం మానేసింది. పడమటి పిట్టగోడ పొడుగునా ఒక రోజు దుప్పట్లు ఆరేశారు. మర్నాటికి అవి ఎండిపోయినా తీయలేదు. ఎవరో తనను గమనిస్తున్నారని అతనికి తెలుస్తోంది, ఎవరో తెలియడం లేదు. చాప మీద పడుకుంటే ఎక్కడో కిటికీ రెక్క కిర్రుమనేది. తలతిప్పితే ఏ కిటికీ తెరిచి ఉండేది కాదు.

ఒక సాయంత్రం తన మెట్ల మీదే అడుగుల చప్పుడు వినిపించింది. చెప్పులు విడిచిన అడుగులు. "ఎవరది?" అన్నాడు.

మహిమ. ఆమె వచ్చి, అతని పక్కన చాప మీద కూర్చుని, తన కన్ను లెన్సు పోయిన దారిలోనే పోనిచ్చింది. ముందు పిట్టగోడ, తర్వాత కోటేష్ వాళ్ల నీళ్ల ట్యాంకు, దాని పైన ఆకాశం.

"ఎట్టుంది? నమ్మకం కుదిరిందా?" అన్నాడు ఇమ్మానియేలు.

"నేనేమన్నానండీ?"

"చప్పుడు కాకూడదని చెప్పులిడిచి వచ్చావుగా."

ఆమె మోకాళ్లు దగ్గరికి ముడుచుకుంది. "ఆదివారం చర్చి బయట నలుగురు నన్నే అడిగారు, మీ ఆయన మేడ మీద ఏం చేస్తాడమ్మా అని. చుక్కల ఫోటోలు తీస్తాడన్నా. ఒకావిడ నా భుజం తట్టిందండీ, అయ్యో పాపం అన్నట్టు. ఆ తట్టడమేంటో అప్పటినుంచీ ఇక్కడ మండతంది."

మర్నాడు కోటేషే వచ్చాడు. ఆ మాట ఈ మాట లేదు. ఎప్పుడూ 'అన్నా' అని పిలిచేవాడు, ఆ పిలుపూ లేదు.

"ఏందయ్యా నీ యవ్వారం? మా చెల్లెలు మేడెక్కితే నువ్వు గొట్టం పెట్టుకుని పడుకుంటావా?"

"కోటేషూ, మాట జారమాక. నేను తీసేది ఆకాశాన్ని."

"ఆకాశం మా ట్యాంకు మీదే ఉందా? మీ నెత్తి మీద లేదా?"

"ఉండేది. రెండు నెల్ల కిందట."

ఎంత నిజం చెప్పాడో అంత అబద్ధంలా వినిపించింది. కోటేష్ గట్టిగా నవ్వాడు, చుట్టుపక్కల మేడలకు వినబడేట్టు. సుబ్బరావమ్మ గారు కింది వాకిట్లోకి వచ్చి నిలబడింది. "చర్చికి పోయే కుటుంబం, తాగరు, గొడవ చెయ్యరని ఇల్లిచ్చాను," అంది మెల్లగా. "ఇదేం ఖర్మయ్యా? ఆదివారం అందరి ముందూ ఆ ఫోటోలేందో చూపించు. సరిగా ఉంటే ఉండు. లేకపోతే నెలాఖరుకు నీ దారి నువ్వు చూసుకో."

మాట స్టూడియోకూ చేరింది. ప్రేమ్‌చంద్ తలుపు దగ్గరగా వేసి అడిగాడు. "నాకేం అనుమానం లేదు ఇమ్మానియేలూ. కానీ పెళ్లికూతుళ్ల ఫోటోలు వెయ్యి ఉంటాయి మన కంప్యూటర్లో. ఇట్టాంటి మాట ఒకసారి అంటుకుంటే, ఏ ఆడపిల్ల తండ్రి నీ చేతికి ఫోటోలు ఇస్తాడు? ఆదివారం తేల్చుకో. సోమవారం మాట్లాడదాం."

ఇల్లు, పని, ఇరవై రెండేళ్ల పేరు, మూడూ ఆదివారం మీద వేలాడాయి. శనివారం తెల్లవార్లూ ఇమ్మానియేలు ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద నెబ్యులాను పూర్తి చేశాడు. కోతల్లో తీసిన మంచి ఫ్రేములు అరవై నాలుగు ఏరి, పొరలు వేసి, నారింజ తీసేశాడు. పెళ్లికూతురి మొహం మీది పసుపు పోకుండా పందిరి లైట్ల పసుపు మాత్రమే తీయడం అతనికి వచ్చిన విద్య. అదే ఇక్కడా పనికొచ్చింది. నారింజ ఇంకిపోయింది. దాని అడుగున గులాబీ రెక్కలు, నడుమ తెల్లని వేడి గుండె. వేసవి వేడికి కెమెరాలో పుట్టే నలుసులు అక్కడక్కడ ఎర్రగా, తెల్లగా మెరుస్తుంటే, మౌసుతో ఒక్కొక్కటే అద్ది శుభ్రం చేశాడు. చూసుకుంటే అతనికే గుబులు పుట్టింది. ఇంత అందంగా ఉంది, ఇది నిజమేనా?

ఆదివారం సాయంత్రం కంప్యూటర్‌ను కిందికి దించి సుబ్బరావమ్మ గారి హాల్లో పెట్టాడు. ఆమె కుర్చీలో, కోటేష్ తలుపుకు ఆనుకుని, మహిమ గోడవారగా. వెనక వీధిలో ఉండే కరీమున్ కూడా వచ్చింది. ఆమె మేడా ఇమ్మానియేలు మేడకు కనబడేదే. ముప్పై ఏళ్లుగా యార్డులో తాలు ఏరే పని ఆమెది. ఎర్రకాయల రాశిలోంచి తెల్లబారిన కాయను, చూపు ఆనకముందే చెయ్యి పట్టేస్తుందని చెప్పుకుంటారు.

"ఏదీ, చూపించు," అన్నాడు కోటేష్.

ఇమ్మానియేలు తీసిన ఫ్రేములన్నీ వరసగా తిప్పాడు. వందల కొద్దీ ఒకటే నారింజ మసక.

"ఏందయ్యా ఇది? అరిసెల పాకం మాడినట్టుంది," అంది సుబ్బరావమ్మ.

"ఆకాశమండీ."

"ఆకాశం నల్లగా గదా ఉండేది?"

"మన కాలనీ మీద ఉండదండీ. ఇవన్నీ యార్డు లైట్లు."

కోటేష్ తెర దగ్గరికి వచ్చాడు. వైండింగులో తీగ చుట్లు లెక్కపెట్టే కన్ను అతనిది. "ఆగాగు. ఈ నంబరు రెండొందల పదిహేడు. తర్వాత రెండొందల ఇరవై ఆరు. మధ్యలో ఎనిమిది ఏమయినయ్?"

"కదిలిపోయినయ్. పనికిరావని పడేశా."

"పనికిరానియ్యా, చూపించకూడనియ్యా?"

"తాలు తీశాడయ్యా," అంది కరీమున్ నెమ్మదిగా. "తియ్యకపోతే సరుకు ఎట్టా నిలబడుద్ది?"

ఇక లాభం లేదని ఇమ్మానియేలు పూర్తయిన బొమ్మ తెరిచాడు. హాలు మొత్తం గులాబీ వెలుగు పరుచుకుంది. సుబ్బరావమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ ఒక్క క్షణం అతను గెలిచాననుకున్నాడు.

"ఆ మాడిన పాకంలోంచి ఇది వచ్చిందా?" కోటేష్ గొంతు చాలా మామూలుగా ఉంది. "పెద్దమ్మా, నా పెళ్లి ఆల్బమ్ చూశావు గదా? మా నాన్న పోయిన రెండేళ్లకి నా పెళ్లి. ఆల్బమ్‌లో మా నాన్న నా నెత్తిన అక్షింతలేస్తా ఉంటాడు. అది చేసింది ఈయనే. చచ్చిపోయినోణ్ణి పందిట్లో నిలబెట్టగలడు. ఈయన చేతిలోంచి వచ్చిన బొమ్మని నమ్మమంటారా?"

బొమ్మ ఎంత బాగుంటే అంత నేరం అయిపోయింది.

కరీమున్ మాత్రం కళ్లు చికిలించి తెరకు బాగా దగ్గరగా జరిగింది. "ఇందాకటి మాడిన బొమ్మ ఒకటి దీని పక్కన పెట్టయ్యా." పెట్టాడు. ఆమె వేలు పాత ఫ్రేములో మరకకు కాస్త దిగువన ఆగింది. "ఇక్కడ వరసగా మూడు నలుసులున్నయ్. ఈ నాలుగు బొమ్మలు తిప్పు. అదిగో, దీంట్లోనూ ఉన్నయ్. దీంట్లోనూ ఉన్నయ్. మరి నీ మంచి బొమ్మలో ఏవి?"

ఇమ్మానియేలు చూశాడు. వేడికి పుట్టిన నలుసు కెమెరాలోదే, కెమెరా వాలు మారితే అది చుక్కలతో పాటు జరగదు. ఇవి ప్రతిదాంట్లోనూ చుక్కలతోనే ఉన్నాయి. ఇవి నలుసులు కావు, చుక్కలు. పెళ్లికూతురి బుగ్గ మీద మొటిమ కనబడితే అతని వేలు ఆలోచించకుండా తుడిచేస్తుంది. ఆ వేలే రాత్రి ఆకాశం మొహం మీది మొటిమల్నీ తుడిచేసింది.

"తీసేశా," అన్నాడు. "మురికనుకుని తీసేశానమ్మా. అవి నిజంగా ఉన్నయ్. నా చేతి అలవాటు, అంతే."

"విన్నారుగా!" కోటేష్ చప్పట్లు చరిచాడు. "ఒప్పుకున్నాడు. ఇంకా ఏమేం తుడిచాడో!"

"నిజమే," అన్నాడు ఇమ్మానియేలు. అతను లేచి కుర్చీ ఖాళీ చేశాడు. "నా చెయ్యి మంచిది కాదు. నువ్వు కూర్చో కోటేషూ. నేను మౌసు ముట్టుకోను. బొమ్మలు కరీమునమ్మ ఏరుద్ది. నువ్వు చెయ్యి."

కోటేష్ ఇది ఊహించలేదు. వెనక్కి తగ్గితే బాగుండదని కూర్చున్నాడు. కరీమున్ చెయ్యి ఊపుతూ ఏరింది. "ఇది తాలు. ఇది తాలు. ఇది ఉంచు." ఎనిమిది మిగిలాయి. ఇమ్మానియేలు దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చెప్పాడు.

"ఈ పెద్ద చుక్క మీద దాని చుక్క కూర్చోబెట్టు. కొంచెం ఎడమకి. ఇప్పుడు దీన్ని యాభైకి తగ్గించు. మూడోదాన్ని ముప్పై మూడుకి. నాలుగోది ఇరవై అయిదు."

"ఎందుకు తగ్గించడం?" అనుమానం కోటేష్ గొంతులో ఇంకా నిలబడే ఉంది.

"గరుకు ఒక్కో బొమ్మలో ఒక్కోచోట పడుద్ది. ఉన్నది మాత్రం అన్నిట్లో అక్కడే ఉంటది. పొరలు పడేకొద్దీ వచ్చిపోయేవి పలచబడతయ్, ఉన్నది నిలబడుద్ది."

ఎనిమిదో పొర పడింది. "ఇప్పుడు ఈ మూల చూడు. ఇది చీకటి. నల్లగా ఉండాల్సిన చోటు. అక్కడ నొక్కితే నలుపేదో కంప్యూటర్‌కి చెప్పినట్టు, నొక్కు."

కోటేష్ నొక్కాడు. నారింజ రంగు, తూములోంచి నీళ్లు దిగినట్టు, తెర మీంచి దిగిపోయింది. ఇమ్మానియేలు బొమ్మంత మెరుపు లేదు. గరుకుగా, పాత గచ్చులా ఉంది. కానీ నడుమ ఒక రెక్క విచ్చుకుని ఉంది. గులాబీ. దాని దిగువన మూడు చిన్న చుక్కలు, వరసగా.

కోటేష్ మౌసు వదిలేసి తన అరచేతి వంక చూసుకున్నాడు.

"మా నాన్నకి గడ్డం పక్కన పులిపిరి ఉండేది," అన్నాడు చివరికి, ఎవరితోనో తెలియకుండా. "నా చిన్నప్పుడు దాన్ని పట్టుకునే నిద్రపోయేవాణ్ణంట. ఆల్బమ్‌లో లేదు. అయిదేళ్లుగా చూస్తన్నా. మొహం ఆయనదే, ఆయన కాదు."

ఇమ్మానియేలుకు ఆ పులిపిరి గుర్తులేదు. తుడిచినవేవీ అతనికి గుర్తుండవు. "శుభ్రం చేశాననుకున్నా," అన్నాడు.

"మళ్లీ పెట్టగలవా అన్నా?"

"పాత ఫోటో తీసుకురా. ఉన్నదున్నట్టు పెడతా."

సుబ్బరావమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. "ఉండవయ్యా ఇంట్లో. కానీ ఒక మాట. ఆ గొట్టం పైకి పోయిన రోజు నాకు చెప్పాలి, పక్కింటికి చెప్పాలి, మెట్ల తలుపు తీసే ఉంచాలి." కేకేయకుండా చెప్పింది గానీ, తీర్పు తీర్పే. మహిమ తల ఊపింది. ఆ ఊపులో ఊరట ఎంతో, కోపం ఎంతో ఇమ్మానియేలుకు అంతుపట్టలేదు. సోమవారం పొద్దున ప్రేమ్‌చంద్ విషయమంతా విని, "సరే, పని చూసుకో," అని, పెళ్లి ఫోటోలుండే వెనక గది తాళంచెవి మాత్రం ఆ రోజు నుంచి తన జేబులోనే ఉంచుకున్నాడు.

సోమవారం సాయంత్రం కోటేష్ గేటు దగ్గర నిలబడి పిలిచాడు.

"అన్నా, మీ మేడ మీద నుంచి ఇక కనపడదు, మా ట్యాంకు అడ్డం. మా మేడ మీద పెడదాం. కానీ నువ్వుండమాక. నేనొక్కణ్ణే తీస్తా."

"ఇంకా అనుమానమా?"

"నాకు కాదు. నువ్వు పక్కనుంటే ఆయన చెయ్యి పడిందంటారు జనం." గేటు గొళ్లెం ఒకసారి లేపి దించాడు. "నాక్కూడా అనుకో. కొంచెం."

ఇమ్మానియేలు కెమెరా తీసుకుని కోటేష్ మేడ ఎక్కాడు. స్టాండు నిలబెట్టి, పడమట బాగా కిందికి వాలిన గొర్రుకొయ్యలను చూపించి, వాటి పక్కన మరకను చూపించి, ఎక్కడ నొక్కాలో చెప్పాడు. స్టూడియో కెమెరాను, కొంటే తన ఏడాది జీతమయ్యే వస్తువును, కోటేష్ చేతుల్లో వదిలి మెట్లు దిగి వీధిలోకి వచ్చాడు. ఏడున్నరకు కరెంటు పోయింది. కాలనీ మొత్తం ఒక్కసారి మునిగినట్టయింది. పై నుంచి క్లిక్కుమన్న చప్పుడు. మళ్లీ ఇంకోటి.

బాగుంది, నేర్చుకుంటున్నాడు అనుకున్నాడు. మూడోది వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. స్టాండు కాలు గచ్చు మీద గీసుకున్న చప్పుడు. కెమెరాను ఎటో తిప్పుతున్నాడు. పడమట వాలిన మరకకు కెమెరా అంత తిప్పాల్సిన పని లేదు.

ఇమ్మానియేలు తలతిప్పి తన మేడ వంక చూశాడు. మహిమ ఆరిన బట్టలు తీస్తోంది. చీకట్లో ఆమె చేతులు తీగ మీదికి లేస్తూ, దిగుతూ ఉన్నాయి. కొంగు నడుముకు దోపి ఉంది. ఎవరైనా చూస్తున్నారన్న ధ్యాస ఆమెకు లేదు.

పైన మళ్లీ క్లిక్కుమంది.

"మహిమా," అని పిలిచాడు ఇమ్మానియేలు, తను అనుకున్నదానికన్నా గట్టిగా. "కిందికి దిగు."

ఆమె పిట్టగోడ మీదికి వంగింది. "ఎందుకండీ?"

అతను నోరు తెరిచాడు. కోటేష్ మేడ వంక ఒకసారి, ఆమె వంక ఒకసారి చూశాడు. నోటికి వచ్చింది, ఆ రోజు కోటేష్ తనను అడిగిన మాటే.